లోపలికి పీల్చిన అవును

అయిదు సెకన్లు చాలవు. అయిదు సెకన్లలో మనిషి ఏం తేల్చుకోగలడు, రొట్టెకి వెన్న రాసుకోవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది. పోనీ ఎనిమిది చేద్దామంటే, ఫోను చెవికి ఆనించుకుని ఎనిమిది సెకన్లు ఏ శబ్దమూ వినకుండా నిలబడడం ఎంత పొడుగో నిలబడినవాడికే తెలుస్తుంది. సోమవారం తను నిలబడ్డాడు. ఎనిమిది కాదు, పన్నెండు దాకా లెక్కపెట్టాడు. ఆ తర్వాత నోరీన్ "సరేలెండి, పర్వాలేదు" అని పెట్టేసింది. సరే అన్నాక పర్వాలేదు ఎందుకు? సరే ఒక్కటే అయితే ఒక అర్థం. పర్వాలేదు ఒక్కటే అయితే ఇంకో అర్థం. రెండూ కలిస్తే ఏమవుతుందో మూడు రోజులనుంచి రోలండ్ మాకెలకి అంతుపట్టడం లేదు.

అతను, ఇళ్ళు వెచ్చబెట్టే నూనె అమ్మే ఫ్యూయల్ కంపెనీ ఆఫీసు వెనకగదిలో, గోడకున్న వైర్ల బోర్డు ముందు బకెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నాడు. ఒళ్ళో లాప్‌టాప్. తెరమీద ఒక చిన్న గడి అతన్ని అడుగుతోంది: జవాబు రాకపోతే ఎంతసేపు ఆగాలి? పక్కన వేడిగొట్టం సన్నగా ఈల వేస్తోంది. కిటికీ అవతల హాన్‌కాక్ ఊరిమీద మంచు తీరిగ్గా కురుస్తోంది. నవంబరు మొదటివారం, ఇంకా పార అవసరంలేని మంచు. ఇలాంటి గదుల్లో రోలండ్ సుఖంగా ఉంటాడు. వైరుకి రెండే కొనలు ఉంటాయి, రెండోది ఎక్కడికి పోయిందో ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది.

ముప్ఫయి ఏళ్ళు ఈ ఆఫీసులో ఫోనెత్తిన ఆర్డిస్ అక్టోబరులో రిటైరయింది. ఆవిడ బదులు ఫోనెత్తి, అడిగి, ఎవరి కాల్ వాళ్ళకి పంపే యంత్రాన్ని పెట్టమని రోలండ్‌ని పిలిచారు. యంత్రం అడిగేవి మూడే. ఒకటి, మీ ఇంట్లో వేడి ఆగిపోయిందా? అవునంటే కాల్ తిన్నగా ఫర్నేసులు బాగుచేసే గీనో జేబులోని ఫోనుకి పోతుంది. రెండు, ట్యాంకు నింపించుకోవాలా? అవునంటే నూనె లారీలు పంపేవాళ్ళ బల్లకి. మూడు, ఎవరితో మాట్లాడాలో పేరు చెప్పండి. పేరు చెబితే, వాళ్ళేనా అని ఖాయం చేసుకుని కలుపుతుంది. దేనికీ జవాబు లేకపోతే సందేశాల పెట్టెలోకి. దాన్ని పొద్దున్నే ఎవరో ఒకరు వింటారు.

అవును అనడానికి ఈ ఊళ్ళో ఉన్న మాటలన్నీ రోలండ్ యంత్రానికి నేర్పాడు. యెస్, యా, సరే, ఆఁ. ఫిన్లండునుంచి వచ్చిన ముసలివాళ్ళు అనే "యో" కూడా చేర్చాడు. ఆ మాట చేర్చినప్పుడు అతనికి లోపల కాస్త గర్వం కలిగింది. బయటూరినుంచి వచ్చిన ఏ ఇంజినీరుకి తడుతుంది అది? తన తాత ముత్తాతల మాట. తనూ అదే మాట అంటాడు.

అంటాడు గనకే సోమవారం అన్నాడు.

నోరీన్ టటిల్ ఈ ఆఫీసు మేనేజరు. పెద్ద వంతెనకి అవతల, దక్షిణాన ఎక్కడో ఉండేది. భర్త పోయిన రెండేళ్ళకి ఈ ఉద్యోగంలో చేరింది, ఏడు నెలలయింది. సోమవారం సాయంత్రం నాలుగింటికి అతని ఇంటికి ఫోను చేసి, యంత్రం గురించి నాలుగు మాటలు అడిగాక, "శనివారం మా ఇంటికి భోజనానికి రాకూడదూ? పాట్ రోస్ట్ చేస్తున్నాను. ఒక్కదానికి సరిపడా వండడం నాకింకా చేతకావడం లేదు" అంది. రోలండ్ అవునన్నాడు. ఎన్నింటికి రావాలో చెబుతుందని ఆగాడు. పన్నెండు సెకన్లు. సరేలెండి, పర్వాలేదు.

అప్పటినుంచీ ఆవిడ ఎదురుపడుతూనే ఉంది. కాఫీ ఇస్తోంది, మంచు గురించి మాట్లాడుతోంది. శనివారం ఊసు లేదు. నోరుజారి అడిగి ఉంటుంది, తను ఒప్పుకునేసరికి నాలుక కరుచుకుని ఉంటుంది, అనుకున్నాడు రోలండ్. అలా అనుకోవడంలో అతనికి ఒక సౌకర్యం కూడా ఉంది. అతని బుర్రలో ఉన్నదీ ఇలాంటి ఏర్పాటే. బయటనుంచి వచ్చిన ప్రతి మాటా లోపల నాలుగు బల్లలు తిరుగుతుంది, ఎవరూ ఎత్తకపోతే పెట్టెలో పడుతుంది. తర్వాత ఒక్కడూ కూర్చుని తీరిగ్గా వింటాడు. యాభై ఆరేళ్ళు అలా గడిచాయి, బాగానే గడిచాయి. కాలవ ఒడ్డున చిన్న ఇల్లు, బుధవారం ఒకసారి శనివారం ఒకసారి ఆవిరిస్నానానికి సానా గది వేడి చేసుకోవడం, ఏలకుల రొట్టె, రేడియో. ఏ లోటూ లేదు. అడిగేవాళ్ళు వచ్చేదాకా, లోటు ఉందా లేదా అని లెక్క చూసే అవసరమే రాలేదు.

ముందుగదిలో తలుపు దభాలున తెరుచుకుంది.

"ఎక్కడ మీ చెవిటి మిషను? దానికి నన్ను చూపించండి!"

ఆ గొంతు రోలండ్‌కి తెలుసు. ఇంపి రువోనా, ఎనభై నాలుగేళ్ళు, అతని తల్లికి స్నేహితురాలు. లాప్‌టాప్ బకెట్టుమీద పెట్టి బయటికి వచ్చాడు. ఆవిడ కోటు భుజాలమీద మంచుతో, చేతికర్ర నోరీన్ బల్లమీద అడ్డంగా పెట్టి నిలబడి ఉంది.

"కూర్చోండి ఇంపీ గారూ. ఏమైంది?" అంది నోరీన్.

"ఏమవుతుంది! నిన్న మధ్యాహ్నం ఫర్నేసు ఆగిపోయింది. ఫోను చేశాను. ఎవరో అమ్మాయి, మర్యాదస్తురాలే, మీ ఇంట్లో వేడి ఆగిపోయిందా అంది. అవునన్నాను. మీకు ట్యాంకు నింపాలా అంది. ఏమమ్మా, వేడి లేదంటుంటే ట్యాంకు ఊసెందుకన్నాను. మీ మాట అర్థం కాలేదంది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే పాట. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అవునన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు!"

"అయ్యో, రాత్రంతా చలిలోనే..."

"చలిలో ఎందుకుంటాను? కట్టెలు లేవా నాకు? సానా వెలిగించుకుని అందులోనే పడుకున్నాను. ఇరవై ఏళ్ళలో ఇంత బాగా నిద్రపట్టలేదు, నిజం చెప్పాలంటే. అయినా డబ్బులు తీసుకునేది మీరు, కట్టెలు కొట్టుకునేది నేనా?" అని ఇటు తిరిగి, "ఓహో, నువ్వా! ఏరా రోలండూ, ఇది నీ నిర్వాకమా? ఇంత సైన్సు చదివి చెవిటిదాన్ని తయారుచేశావా?"

"చెవిటిది కాదు పిన్నీ, పరీక్ష చేశాను" అన్నాడు రోలండ్.

నోరీన్ ముందు గీనోని ఇంపి ఇంటికి పంపే ఏర్పాటు చేసింది. తర్వాత బల్లమీది ఫోను ముసలావిడకి అందించింది. "ఒక్కసారి మా ముందు చెయ్యండి ఇంపీ గారూ. తప్పెక్కడో చూద్దాం."

స్పీకరులో యంత్రం గొంతు పలికింది. మీ ఇంట్లో వేడి ఆగిపోయిందా?

ఇంపి గడ్డం కొద్దిగా పైకెత్తింది. పెదాలు సున్నాలా చుట్టుకున్నాయి. సన్నగా, చల్లటి నీళ్ళలో వేలు పెట్టినప్పుడు పీల్చినట్టు, ఒక్క గుక్క గాలి లోపలికి పోయింది.

నిశ్శబ్దం. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. మీకు ట్యాంకు నింపించుకోవాలా?

"చూశారా!" అంది ఇంపి.

నోరీన్ కంగారుగా లేచింది. "ఆయాసం వస్తోందా మీకు? మంచినీళ్ళు తేనా?"

"ఆయాసమేమిటి? అవునన్నాను కదా!"

"ఎప్పుడన్నారు?"

ముసలావిడ నోరీన్‌ని, కిటికీని, రోలండ్‌ని చూసి నిట్టూర్చింది. "వంతెన అవతలినుంచి వచ్చినదానివి, నీకెక్కడ తెలుస్తుందిలే. వీణ్ణడుగు."

రోలండ్ తలుపు చట్రం పట్టుకుని నిలబడ్డాడు. "అది అవునే" అన్నాడు. "యో. ఊపిరి బయటికి వదులుతూ కాదు, లోపలికి పీలుస్తూ అంటారు. ఎదురుగా ఉంటే మొహం చూసి తెలిసిపోతుంది. ఫోనులో..."

ఫోనులో ఏమీ వినపడదు. మాట నేర్పాడు, ఊపిరి నేర్పలేదు. పరీక్ష చేసినప్పుడు యంత్రంతో మాట్లాడుతున్నాను గదా అని గొంతు సవరించుకుని, బళ్ళో హాజరు పలికినట్టు గట్టిగా పలికాడు. మనుషులతో అయితే అలా పలకడు. మనుషులతో ఎలా పలుకుతాడు?

"వీళ్ళ నాన్న అయితే మరీనూ" అంటోంది ఇంపి నోరీన్‌తో. "పెళ్ళిరోజు పాస్టరు ఈ పిల్లను చేసుకుంటావా అని మూడుసార్లు అడిగాడు. కొత్తవాడు, పాపం, షికాగోనుంచి వచ్చాడు. మూడోసారికి పెళ్ళికూతురే, ఒప్పుకున్నాడండీ, ఇక కానివ్వండి అంది. చర్చంతా నవ్వు!"

నోరీన్ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ రోలండ్ వైపు చూసి, ఎందుకో ఆపేసి, బల్లమీద కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

రోలండ్ వెనకగదిలోకి వచ్చి బకెట్టుమీద కూర్చున్నాడు. వేడిగొట్టం ఈల వేస్తూనే ఉంది. సోమవారం నాలుగింటికి తన గడ్డం పైకి లేచే ఉంటుంది. పెదాలు సున్నా చుట్టే ఉంటాయి. కాలవ ఒడ్డున, ఖాళీ వంటగదిలో, చూసేవాళ్ళెవరు? ఆవిడ అటు పన్నెండు సెకన్లూ లెక్కపెట్టి ఉంటుంది. రమ్మని అడిగితే పలక్కుండా నిలబడ్డ మగవాణ్ణి ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక, సరేలెండి, పర్వాలేదు అంది. ఆ రెండు మాటలూ కలిస్తే ఏమవుతుందో ఇప్పుడు తేటగా అర్థమైంది. మూడు రోజులనుంచి ఆవిడ నాలుక కరుచుకుంటోందని తను అనుకున్నాడు. కరుచుకుంటూనే ఉంది పాపం, కారణం వేరు.

మౌనం అర్ధాంగీకారమంటారు. యంత్రానికి ఆ సగం కూడా తెలియదు. ఏమీ వినపడకపోతే కాదు అనుకోమని తనే రాసి పెట్టాడు. ఆ వరస దగ్గరికి వెళ్ళి మార్చాడు. మొదటి ప్రశ్నకి ఏ శబ్దమూ రాకపోతే అవునన్నట్టే లెక్క. కాల్ గీనోకి పోవాలి. రెండు నిమిషాల పని.

ముందుగదికి వచ్చి ఆ సంగతి చెప్పాడు. ఇంపి అప్పటికే వెళ్ళిపోయింది, బల్లమీద ఆవిడ కోటునుంచి రాలిన నీళ్ళచుక్కలు ఉన్నాయి.

"ఊరికే తప్పు నంబరు చేసి గుటకలు మింగేవాళ్ళు కూడా గీనోకే పోతారు కదా?" అంది నోరీన్.

"పోతారు. తిట్టుకుంటాడు. వేడి లేనివాళ్ళు పెట్టెలో పడడంకన్నా నయం."

"నిజమే. మీ ఊరివాళ్ళ అవును ఇంకా ఎన్ని రకాలుగా ఉంటుందో నాకెవరూ చెప్పలేదు" అంది, తెరవైపే చూస్తూ.

రోలండ్ నోరు తెరిచాడు. గడ్డం పైకి లేవబోతోందని తెలిసింది. నోరు మూసుకున్నాడు. "బయటి లైనునుంచి పరీక్ష చెయ్యాలి. వాన్‌లోంచి చేస్తాను" అన్నాడు.

వాన్ అద్దాలమీద మంచు కప్పేసింది. లోపల తెల్లటి వెలుతురు, వైర్ల వాసన. సెల్‌ఫోనులో ఆఫీసు నంబరు నొక్కాడు. మీ ఇంట్లో వేడి ఆగిపోయిందా? అతను పలకలేదు. అయిదు సెకన్లు ఊరుకున్నాడు.

"గీనో!" అంది ఫోను. వెనక ఏదో ఇనుప సామాను చప్పుడు. "ఎవరదీ? వేడి ఆగిందా? మాట్లాడరేం? ...రోలండూ, నువ్వేనా? ఊపిరి వినపడుతోంది గానీ మనిషి వినపడడం లేదు."

"నేనే. పరీక్ష."

"పాసయ్యావు, పో. ఇంపి ముసలమ్మ ఇంట్లో ఉన్నా. రొట్టె పెట్టింది, నీకు పెట్టనని చెప్పమంది."

పెట్టేశాడు. పని నిజానికి అయిపోయింది. బిల్లు రాసి, సామాను సర్దుకుని పోవచ్చు. పెట్టెలో పడ్డ మాటను శనివారం తీరిగ్గా, సానా బల్లమీద కూర్చుని, మళ్ళీ మళ్ళీ వినవచ్చు. అదేమీ చెడ్డ జీవితం కాదు. అతనికి అది బాగా తెలుసు, తెలిసే ఇన్నేళ్ళు ఉన్నాడు. వెనకనుంచి ఒక లారీ మెల్లగా పోయింది, అద్దంమీది మంచు ఒక పెళ్ళ జారింది. ఆ సందులోంచి ఆఫీసు కిటికీ కనిపించింది. కిటికీలో నోరీన్, తల వంచుకుని ఏదో రాసుకుంటోంది.

ఆ నంబరే మళ్ళీ నొక్కాడు.

వేడి ఆగిపోయిందా? "లేదు" అన్నాడు. ట్యాంకు నింపించుకోవాలా? "అక్కర్లేదు." ఎవరితో మాట్లాడాలో పేరు చెప్పండి.

"నోరీన్ టటిల్."

నోరీన్ టటిల్ గారితో మాట్లాడాలనుకుంటున్నారా?

"అవును" అన్నాడు రోలండ్, గొంతు సవరించుకుని.

అద్దంలోంచి చూస్తుండగా ఆవిడ చెయ్యి చాపి ఫోనెత్తింది. "చెప్పండి, నోరీన్‌ని."

రొమ్ము నిండా గాలి తీసుకున్నాడు. మాట అక్కడే, లోపలికి పోయే గాలితోపాటు పోబోయింది. పోనివ్వలేదు. గాలంతా లోపలికి వెళ్ళేదాకా ఆగాడు. అది తిరిగి బయలుదేరినప్పుడు, దానితో కలిపి, "శనివారం వస్తాను" అన్నాడు.