నలభై ఒకటి తక్కువ

చీటీల మేష్టారి మీద మెకానిక్‌కి కోపం ఆర్నెల్లయినా చల్లారలేదు. పొద్దున్నే వచ్చి, తలుపు వెనక పడివున్న అట్ట గొట్టం తీసి కిటికీ రెక్క పడిపోకుండా ఆనించి, కుర్చీలో కూలబడి, ముందుగా ఆయన్ని ఓసారి తిట్టుకుంటే గాని పని మొదలయ్యేది కాదు. నలుగురిలో పరువు తీసిన మనిషి మరి.

మెకానిక్ ఎనిమిదో తరగతితో బడి మానేశాడు. ఇరవై ఏళ్లు టీవీలు బాగుచేశాడు. సోల్డరింగు వేడికి కాలి కాలి వేళ్ల కొసలు గట్టిపడిపోయాయి. మెదడు మీద పరిశోధన చేసే ఈ ల్యాబులో కంప్యూటర్లు చూసుకోవడానికి చేరి, పక్కవాళ్లు ప్రోగ్రాములు రాస్తుంటే చూసి చూసి తనూ నేర్చుకున్నాడు. డాక్టరేట్ల వాళ్లు కంప్యూటర్లో ఉత్తుత్తి మెదడును నడిపిస్తే అంకెలు వరదలా వచ్చిపడేవి. వాటిని బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇతను చేశాడు. ఒక్కో నాడీకణం ఒక్కో చుక్క. కణం స్పందిస్తే చుక్క వెలుగుతుంది. దాన్ని ఊరికే జనానికి వదిలేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. లోపం పట్టినవాళ్ల పేర్లు ఒక జాబితాలో పెట్టేవాడు, అదీ వాళ్లను అడిగాకే. తనకు తాను పెట్టుకున్న నియమం అది.

మేష్టారు ఒకప్పుడు బళ్లో లెక్కలు చెప్పిన మనిషి. రిటైరయ్యాక ఈ ల్యాబులో పట్టికలు సరిచూసే పనికి కుదిరాడు. ఏది తోచినా చీటీ రాసి అంటించేవాడు. బయటి నుంచి పెద్దలు చూడవచ్చిన రోజున, గోడ మీద బొమ్మ మిలమిలలాడుతుండగా, చీటీతో సరిపెట్టుకోక లేచి నిలబడ్డాడు.

"నాలుగు వేల నూరు ఉండాలి నాయనా. నలభై ఒకటి తక్కువున్నాయి. బొమ్మ అచ్చేయించి చుక్కలు పెన్సిలుతో లెక్కపెట్టాను, నాలుగు రోజులు పట్టింది."

మెకానిక్ చెవులు వేడెక్కాయి.

"ముందు కళ్లు చేయించుకోండి మేష్టారూ. చుక్కలు తర్వాత లెక్కపెడుదురు గాని."

గది గొల్లుమంది. ఇన్నేళ్లలో ఆ చదువుకున్నవాళ్లు తనతో కలిసి నవ్వడం అదే మొదలు. మేష్టారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, "అంతేనేమోలే" అంటూ కూర్చున్నాడు. వారం తిరక్కుండా పని మానేశాడు. ఆయన ఫిర్యాదు మీద "లోపం కాదు" అని రాసి మెకానిక్ మూసేశాడు.

ఇవాళ ఎవరో ముక్కూమొహం తెలియని విద్యార్థిని ఉత్తరం రాసింది. వంద కణాలు పెడితే తొంభై తొమ్మిదే కనిపిస్తున్నాయట. అలవాటుగా "లోపం కా" వరకు కొట్టి ఆగాడు. వంద పెట్టి చూశాడు. ఒకటి తక్కువ. రెండొందలు పెట్టాడు. రెండు తక్కువ. నాలుగు వేల నూరు పెట్టడానికి చేయి రాలేదు.

కారణం పది నిమిషాల్లో దొరికింది. కణాల్ని వందేసి చొప్పున కట్టలు కట్టాలి. కంప్యూటరు సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి వందో కణం నంబరు తొంభై తొమ్మిది. ఆ నంబరు రాగానే కట్ట నిండిందని ముడేయించాడు, వచ్చిన కణాన్ని లోపల వేయించకుండానే. తను ఎప్పుడూ యాభైతోనే పరీక్షించేవాడు. కట్ట నిండితేగా తెలియడానికి.

ప్రోగ్రాములో ఒక్క వరుస దిద్దాడు. జాబితా తెరిచాడు. అందరికంటే పైన మేష్టారి పేరు ఉండాలి. అందుకు ఆయన్ని అడగాలి. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసి, ఫోను చేశాడు. కూతురు ఎత్తింది.

"నాన్నగారు లేరండీ. పోయిన నెల, నిద్రలోనే."

అతను ఎవరో చెప్పుకున్నాడు. ఆమె గొంతు కాస్త తేరుకుంది.

"మీరన్నారని కళ్లు చేయించుకున్నారు. కట్టు విప్పిన మర్నాటి నుంచీ మళ్లీ అదే లెక్క. ఆ కాగితం మీ గదిలో పెట్టి వచ్చానన్నారు. చూశారా?"

"చూశానమ్మా."

"చూస్తారనే అనేవారు. పనిమంతుడు, తీరిక దొరకొద్దూ అనేవారు."

ఆయన పేరు లోపం పట్టినవాళ్లలో పెట్టుకుంటానని, ఆ లోపం నిజమేనని, మాట మాటకీ ఆగుతూ చెప్పాడు.

"ఆ ముక్క ఆయన ఉండగా అనాల్సిందండీ" అంది.

ఫోను పెట్టేసి కిటికీ దగ్గరకు వెళ్లాడు. మూణ్ణెల్ల కిందట ఆ అట్ట గొట్టం తలుపు వెనక కనిపించిన రోజు, దాని మీది చీటీలో దస్తూరీ చూసి ఎవరిదో అప్పుడే పోల్చుకున్నాడు. కావాలనే విప్పలేదు. గొట్టం లాగగానే కిటికీ రెక్క టపామని పడింది.

లోపలి కాగితం నిండా నీలం పెన్సిలు టిక్కులు. అడుగున చీటీ: "కళ్లు బాగున్నాయి నాయనా. మొత్తం 4,100. కనిపించినవి 4,059."

కాగితం బల్ల మీద నిలవక చుట్టుకుపోతుంటే రెండు చేతులతో అదిమిపట్టాడు. పట్టికలో చూసి, కనపడని ఒక్కో కణం ఉండాల్సిన చోట మేష్టారు ఎర్ర పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి పెట్టాడు, నలభై ఒకటి.