అంగీ చేతి మాటున

యాన్‌వాన్ సంతలో అన్ని వీధులూ అరుపులే. పందిమాంసం బల్లల దగ్గర కత్తుల మోత, టోఫు అమ్మే ఆడవాళ్ల గొంతులు, ఎలుకల మందు వాడు పొద్దుటినుంచీ మైకులో వాగిందే వాగడం. వంతెన అవతలున్న పశువుల దొడ్డి ఒక్కటే నిశ్శబ్దం. అక్కడ ఇద్దరు మనుషులు దగ్గరగా నిలబడి, ఒకరి అంగీ చేతిలోకి ఇంకొకరు చెయ్యి దూర్చి, వాన వస్తుందా రాదా అన్నట్టు ఆకాశం చూస్తుంటారు. పైకి మాట్లాడేదంతా ఒట్టి సోది. అసలు బేరం లోపల వేళ్లతో నడుస్తుంది.

ఒకటి నుంచి అయిదు దాకా ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత. బొటనవేలూ చిటికెనవేలూ చాస్తే ఆరు. మూడు వేళ్ల కొసలు కలిపి నొక్కితే ఏడు. బొటనవేలూ చూపుడువేలూ విడదీసి పెడితే ఎనిమిది. చూపుడువేలు కొక్కెంలా వంచితే తొమ్మిది. వందలా, వేలా అన్నది పశువును చూస్తేనే తెలియాలి. తెలియనివాడికి ఆ దొడ్లో పనేమిటి? చివర్న అరచేతిని అరచేత్తో ఒక్కసారి నొక్కితే బేరం ఖాయం. నొక్కకుండా చెయ్యి లాక్కుంటే లేదు. ఇక బతిమాలుకున్నా లాభం ఉండదు.

వెన్ దెలు ఆ దొడ్లో యాభై ఏళ్లు దళారీగా బతికాడు. ఎద్దు చుట్టూ ఒకసారి తిరిగి, వెన్ను మీద చరిచి, దుక్కికైతే ఎంత పలుకుతుందో, మాంసం కోతకైతే ఎంత పలుకుతుందో రెండు ధరలూ చెప్పేసేవాడు. కాటా వేసి చూసినవాళ్లు తర్వాత నోరు మూసుకునేవాళ్లు. అలాంటి మనిషికి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది, ఎడమ పక్క పడిపోయింది. కుడిచెయ్యి మాత్రం మిగిలింది.

ఆ చేత్తో మాట్లాడటం వచ్చింది ఇంట్లో ఒక్క కూతురు షుల్యాన్‌కే. ఆడపిల్లలకు ఆ విద్య నేర్పరు. కానీ దెలుకు ఉన్నది ఒక్కతే కూతురు, పైగా తల్లి లేని పిల్ల. చలికాలం సాయంత్రాలు, కింద నిప్పు వేసిన మట్టి మంచం మీద కూర్చోబెట్టుకుని, తన గొర్రెతోలు అంగీ చేతిలోకి దాని చెయ్యి దూర్పించి ఆడించేవాడు. ‘నీ జడ రిబ్బను ఎంతకిస్తావే?’ అంటే అది వేళ్లతో ధర చెప్పేది. అయిదంటే మూడనేవాడు. ఒక్కోసారి నవ్వలేక ఇద్దరూ పొర్లేవాళ్లు.

ఒకసారి మాత్రం ఆయనకు నిజంగా కోపం వచ్చింది. పాకం పట్టిన పుల్లపళ్లు ఎన్ని తిన్నావని అంగీ చేతిలో అడిగితే, ఏడు తిన్న పిల్ల రెండు వేళ్లు పెట్టింది.

“నోటితో ఎన్ని కబుర్లయినా చెప్పు, నేను పట్టించుకోను. సంతలో నేనూ చెబుతాను. కానీ ఇందులో చెయ్యి పెట్టాక అబద్ధం ఆడకూడదు. ఇక్కడే ఆడేస్తే ఇంకెక్కడే నువ్వు నిజం చెప్పేది?” అన్నాడు. ఆ రాత్రి అన్నం పెట్టాడు గానీ మాట్లాడలేదు. ఆ పిల్ల అప్పుడు ఆరేళ్లది. ఇప్పుడు నలభై ఆరు. అయినా ఆ మౌనం ఆమెకింకా గుర్తే.

ఈ శీతాకాలం తండ్రిని పట్నం తీసుకెళ్లాలి. రోజూ ఆస్పత్రిలో కాళ్లూ చేతులూ ఆడించాలన్నారు, దగ్గర్లో మేడ మీద ఒక గది దొరికింది. మేడ మీదికి మనిషిని ఎత్తుకెళ్లొచ్చు, కొట్టంలోని ఎద్దును ఎత్తుకెళ్లలేం కదా. పదహారేళ్ల ముసలి ఎద్దు అది. పేరంటూ లేదు. ‘ఒరే’ అంటే పలుకుతుంది, అంతే. దెలు ఎన్ని వందల పశువులను చేతులు మార్చాడో ఆయనకే తెలియదు, ఇంటికి మాత్రం ఆ ఒక్కదాన్నే తెచ్చుకున్నాడు.

అమ్మాలి అని షుల్యాన్ చెప్పిన రోజు ఆయన కుడిచేత్తో కొండ మీది పొలాల్ని చూపించాడు. ఆ చేతినే గొంతు మీద అడ్డంగా గీసి, వద్దన్నట్టు తల గట్టిగా ఊపాడు.

“కోతకు ఇవ్వను నాన్నా. దుక్కి దున్నేవాళ్లకే ఇస్తాను,” అంది షుల్యాన్.

నోటితోనే అంది.

సంత రెండు, అయిదు, ఎనిమిది తిథుల్లో జరుగుతుంది. రెండు సంతలు వెళ్లొచ్చింది. దుక్కి ఎద్దు కావాలన్నవాడు ఒక్కడు కూడా ఎదురుపడలేదు. కొండ మీది వాళ్లంతా చేతి ట్రాక్టర్లు కొనుక్కున్నారు. వాటికి మేత వెయ్యక్కర్లేదు, చలికి దుప్పటి కప్పక్కర్లేదు. మూడో సంత ఆఖరిది. ఆ తర్వాత దొడ్డి మూసేస్తారట, రోడ్డు పక్కన కాటా పెట్టిన కొత్త సంత వస్తుందట. అక్కడ కిలో ఇంత అని పలక మీద రాసి ఉంటుంది, ఎవడి అంగీలోనూ ఎవడూ చెయ్యి పెట్టడు.

ఆ రోజు తానూ వస్తానని దెలు పట్టుబట్టాడు. చక్రాల కుర్చీ దొడ్లో బురదలోకి దిగదు. అందుకని వంతెన ఇవతల, మాంసం సూపు అమ్మే గుడారం దగ్గర ఎండ తగిలేలా కూర్చోబెట్టి, ఒళ్లో దుప్పటి కప్పి, షుల్యాన్ ఎద్దును తోలుకుని వెళ్లింది.

దొడ్లో ఖాంగ్ ఎదురొచ్చాడు. దెలుకు ముప్పై ఏళ్ల పోటీదారు, ముప్పై ఏళ్ల స్నేహితుడు. ఏది ఏ రోజో వాళ్లకే తెలియాలి.

“ఏమే అమ్మాయ్, మీ నాన్నను అక్కడ కూర్చోబెట్టొచ్చావా? మంచిపని చేశావు. ఆయన కళ్ల ముందు బేరమాడాలంటే నాకిప్పటికీ వేళ్లు వణుకుతాయి. నన్ను ఎన్నిసార్లు నిలువునా ముంచాడనుకున్నావు!”

“బాబాయ్, ఈ రోజైనా ఎవరన్నా ఉన్నారా?”

ఖాంగ్ నవ్వు ఆపేశాడు. దొడ్డంతా ఒకసారి చూశాడు. చూడటానికేముంది? ఆరో ఏడో పశువులు, వాటి చుట్టూ లారీల వాళ్లు. వంతెన కింద కబేళా లారీ వెనక తలుపు తీసి ఉంది.

“లేరు పిల్లా. పొద్దుటినుంచీ నేనూ వెతుకుతున్నాను. కొండ మీది వాళ్లకు ఫోన్లు కూడా చేశాను. ఊరికే ఇస్తానన్నా వద్దన్నారు, మేత ఎక్కడ తెస్తామన్నారు.”

“నువ్వు ఉంచుకోకూడదూ?”

“నేనా? నా కొడుకు ఇంటి వెనక కొట్టం పడగొట్టి కారు పెట్టుకున్నాడు. నన్నే వాడు ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడు.” కాస్త ఆగి, చెయ్యి చాపాడు. “లారీవాడు ఇచ్చే ధర చెబుతాను. పెట్టు.”

షుల్యాన్ ఆయన అంగీ చేతిలో చెయ్యి పెట్టింది. ఖాంగ్ ఆమె చూపుడువేలు పట్టుకుని వంచాడు. తొమ్మిది. తొమ్మిది వేల యువాన్లు.

ఆమె చెయ్యి లాక్కోవచ్చు. లాక్కుని ఎద్దును ఇంటికి తోలుకుపోవచ్చు. తర్వాత? గడియ వేసిన ఇంట్లో దానికి నీళ్లెవరు పెడతారు? ఇవన్నీ నిజాలే. కానీ నిజాలన్నీ ఒక పక్కే చేరి మనల్ని ఒక తప్పుడు పనికి తోసినంత మాత్రాన అది తప్పు కాకుండా పోదని కూడా ఆమెకు తెలుసు. ఆకాశం చూసింది. ఎండ బాగానే ఉంది.

అరచేతిని నొక్కింది.

పశువును అమ్మినా పలుపుతాడు అమ్మకూడదు, అది ఇంటిదే. లారీవాడు తన తాడు తెచ్చి వేస్తుంటే షుల్యాన్ పాతది విప్పి చుట్ట చుట్టింది. “ఒరే,” అంది అలవాటుగా. అనకుండా ఉండాల్సింది. ఎద్దు లారీ బల్ల మీద ఒక కాలు పెట్టినదల్లా ఆగి, తల తిప్పి, ఏం పని చెబుతుందా అని చూసింది. ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. ఏడిస్తే కళ్లు ఎర్రబడతాయి, నాన్నకు తెలిసిపోతుంది. పెదవి కొరుక్కుని గుడారం వైపు నడిచింది.

ఖాంగ్ ముందే చేరి గొంతు చించుకుంటున్నాడు.

“అన్నా, పండగ చేసుకో! కొండ మీద మేకలు కాసుకునే ముసలాయనొకడు దొరికాడు. పొలం అరచేతంత, పనీ లేదూ పాడూ లేదు. మూడు వేలకు తోలుకుపోయాడు. నీ ఎద్దు మనకంటే సుఖంగా బతుకుతుంది, చూసుకో!”

మూడు వేలు. ముసలి ఎద్దును దుక్కికి కొనేవాడు అంతకంటే ఇవ్వడు. ఆ మాత్రం ఆలోచించే అబద్ధమాడాడు ఖాంగ్.

దెలు ఆయన మొహంలోకి చూశాడు. దుప్పటి కింద నుంచి కుడిచెయ్యి బయటికి తీసి, తన గొర్రెతోలు అంగీ చెయ్యి ఆయన వైపు చాపాడు. నోటితో చెప్పావు సరే, ఇందులో చెప్పు అని.

ఖాంగ్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. “ఇప్పుడే సూపు తాగాను అన్నా, చేతులన్నీ జిడ్డు. ఆ మేలిమి తోలు పాడైపోతుంది,” అని నవ్వబోయి, నవ్వు రాక, సంతలోకి వెళ్లిపోయాడు. పెద్ద గొంతుతో ఎవరినో పిలుస్తున్నట్టు పిలిచాడు గానీ అక్కడెవరూ పలకలేదు.

షుల్యాన్ చుట్ట చుట్టిన పలుపుతాడు తండ్రి ఒళ్లో పెట్టి కుర్చీ తోసుకుంటూ ఇంటికి బయల్దేరింది. దారి పొడుగునా ఆమె వాగుతూనే ఉంది. ఆ ముసలాయన మంచివాడనీ, మేకలకు కూడా పేర్లు పెట్టాడనీ, ఎండాకాలం ఇద్దరూ వెళ్లి ఎద్దును చూసొద్దామనీ. మేకల పేర్లు కూడా రెండు మూడు చెప్పింది. దెలు తాడును వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు.

ఇంటికి చేరి, ఆయన్ను మట్టి మంచం మీద కూర్చోబెట్టి, వెనక దిండ్లు సర్దుతుంటే ఆయన చెయ్యి లేచింది. గొర్రెతోలు అంగీ చెయ్యి ఆమె వైపు చాచాడు. ఎంత అని అడుగుతున్నాడు.

జిడ్డు అనడానికి ఆమె సూపు తాగలేదు. పారిపోవడానికి ఎవరినీ పిలవలేదు. పొయ్యి మీద నీళ్లున్నాయి, చూసొస్తానంది. చెయ్యి అలాగే ఉంది. చివరికి మంచం అంచున కూర్చుని, చిన్నప్పుడు కూర్చున్న చోటే, చెయ్యి లోపల పెట్టింది. లోపల వెచ్చగా ఉంది.

మూడు వేళ్లు పెట్టింది.

ఆయన మూడింటినీ పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. నమ్మాడు, అమ్మయ్య, అనుకుంది ఆమె. ఒక్క అబద్ధం, ఆయన ప్రశాంతంగా పోవడానికి. ఏ దేవుడైనా ఈ మాత్రం ఒప్పుకుంటాడు.

అప్పుడు ఆ బలంలేని వేళ్లు కదిలాయి. ఆమె మూడు వేళ్లనూ ఒక్కొక్కటే మడిచాయి, చిటికెనవేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. తర్వాత ముడుచుకున్న చూపుడువేలును వెతికి పైకి తీశాయి. దాన్ని నెమ్మదిగా, తప్పు దిద్దుతున్నట్టు, కొక్కెంలా వంచాయి. తొమ్మిది.

యాభై ఏళ్ల దళారీకి తన ఎద్దు ఒంట్లో ఎంత మాంసం ఉందో తెలియదనుకుంది కాబోలు, పిచ్చిది.

ఆయన వంచిన వేలును పట్టుకుని ఎదురుచూశాడు. ఆమె ఏడుస్తూ, ఆ వేలును అలాగే వంచి ఉంచింది. అవును నాన్నా, తొమ్మిది. ఇక అరచేతిని నొక్కుతాడని చూసింది. తిట్టినా సరే, కొట్టినా సరే, ఒక్కసారి నొక్కితే చాలు.

ఆయన చెయ్యి లాక్కున్నాడు. దుప్పటి కింద పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

పట్నంలో మేడ మీది గదిలో దెలు ఇంకా నాలుగు నెలలు బతికాడు. పెట్టింది తిన్నాడు, తలంటితే తల వంచాడు, ఆస్పత్రిలో ఎత్తమన్న కాలు ఎత్తాడు. ఆమె మీద కోపంగా ఒక్కసారైనా చూడలేదు. షుల్యాన్ ఎన్నోసార్లు మంచం పక్కన కూర్చుని, తన అంగీ చెయ్యి ఆయన వైపు చాపింది. ఒక్కోసారి గంటసేపు చాపి ఉంచేది. ఆయన మాత్రం వాన వస్తుందా రాదా అన్నట్టు కిటికీలోంచి ఆకాశం చూస్తుండేవాడు.