పంటి బెంచీ

గుడ్డ పిండి రెండో బెంచీ తుడవడం మొదలుపెట్టాడు ప్రకాశం. మొదటిదానికి పెద్దగా తుడిచే పనే ఉండదు. దానిపై గోడకు 'మానసిక ఆరోగ్య విభాగం' అని బోర్డు ఉంది. నాలుగేళ్ళయినా ఆ బెంచీ రంగు చెక్కుచెదరలేదు. రెండోది పంటి డాక్టరుది. జనం కూర్చుని కూర్చుని నడుమ రంగు పోయి చెక్క నున్నబడింది.

భుజాన తువ్వాలు, కుడి మోకాలి నొప్పి, జేబులో ఎవరికి కావాలన్నా ఇచ్చే రెండు పెన్నులు. ఈ ఆస్పత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్ళ అటెండరు పనిలో ఆయన కూడబెట్టుకున్నది అంతే.

నెలలో మొదటి గురువారం జిల్లా నుంచి మనసు డాక్టరు శ్రీవాణి వస్తుంది. మొదటి నెల ఆ బోర్డు కింద ఒక్క మనిషే కూర్చుంది, బట్టల కొట్టు ఆవిడ. ఎదురుగా వియ్యపురాలు కనబడగానే కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఆ రోజే ప్రకాశానికి ఉపాయం తట్టింది. చీటీలు రాసే అమ్మాయితో, "వీళ్ళకు గూడా పన్ను అని రాయి పాపా" అన్నాడు. అందరినీ పంటి బెంచీ మీదే కూర్చోబెట్టాడు. రెండు గదులకూ దారి ఒకే పరదా వెనక. లోపలికి పోయాక ఎవరు ఎటు తిరిగారో బయటికి కనబడదు.

చూసేవాళ్ళకు నమ్మకం కుదరాలని కొందరు దవడకు గుడ్డ కూడా అదుముకునేవాళ్ళు. ప్రకాశం లోలోపల నవ్వుకునేవాడు. తన దగ్గరికి వచ్చినవాళ్ళ పేర్లు శ్రీవాణి డైరీలో రాసుకునేది గానీ, పైవాళ్ళ లెక్కకు ఎక్కేవి చీటీలే. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

పద్నాలుగేళ్ళ కిందట ఆయన భార్య భీమమ్మ అన్నం మాని, మాట మాని గోడవైపు తిరిగి పడుకుంది. తాయెత్తులు కట్టించాడు, అహోబిలంలో నిద్ర చేయించాడు. ఆస్పత్రిలోనే పనిచేస్తూ డాక్టరుకు చెప్పడానికి మాత్రం సిగ్గుపడ్డాడు. ఆమె పోయింది. ఆ సిగ్గును ఆయన ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఈ గురువారం బెంచీ మీద తొమ్మిది మంది. చివర్లో పుల్లమ్మ. మంగంపేట దగ్గర ముగ్గురాయి మిల్లులో పని. ఎంత కడుక్కున్నా రెప్పల మీద తెల్లపొడి పోదు. నిరుడు ఆరు నెలలు ఎవరితోనూ మాట్లాడని మనిషి, శ్రీవాణి మాత్రలతో మళ్ళీ పనికి పోతోంది. పోయిన నెల ప్రకాశానికి రెండు సీతాఫలాలు తెచ్చి ఇచ్చింది. ఈసారి ఆమె ఊరి మనిషే ఒకావిడ నిజంగా పన్ను పీకించుకోవడానికి వచ్చి పక్కనే కూర్చుంది.

పదిన్నర దాటినా శ్రీవాణి రాలేదు. సూపరింటెండెంటు వాసుదేవ్ లోపలికి పిలిచాడు.

"ఏమప్పా ప్రకాశం, ఆ బోర్డు ఊడదీయల్ల. ఆ మేడమ్‌ను వేరే సెంటరుకు వేసినారు. ఇంక రాదు."

"ఎందుకు సార్?"

"రెండేండ్లలో మన కాడ మనసు జబ్బుకు వచ్చింది పద్నాలుగు మందేనంట. పంటికి జిల్లాలో మనమే ముందు. ఇంకో పంటి కుర్చీ ఇస్తాండారు."

ప్రకాశం బల్ల దగ్గరికి జరిగాడు. "ఆ పంటోళ్ళలో సగం మంది మనసోళ్ళే సార్. నేనే అట్ల రాయించినా."

వాసుదేవ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కోప్పడలేదు. "నీ ఒక్కని మాట మీద రాయలేనప్పా. ఇద్దరో ముగ్గురో వచ్చి, మనసు జబ్బుకే వస్తాండామని సంతకం పెడితే ఈ పొద్దే పైకి రాస్తా."

ప్రకాశం బెంచీ దగ్గరికి వచ్చి వంగి ఒక్కొక్కరికీ మెల్లగా చెప్పాడు. ఒకాయన నేల చూశాడు. ఇంకొకాయన, "నాది పన్నే గదప్పా" అన్నాడు. గుడ్డలు దవడలకు ఇంకా గట్టిగా అతుక్కున్నాయి. ఎవరూ లేవలేదు.

పుల్లమ్మను స్తంభం వెనక్కి పిలిచాడు. "మాత్రలు ఎన్ని ఉండాయి?"

"రేపటికి సరి."

ఆ మాత్రలు శ్రీవాణి తన వెంట తెచ్చేది. ఇక్కడి మందుల గదిలో లేవు. "కడపకు పోమ్మా. ఆడ పెద్దాస్పత్రిలో ఇస్తారు."

"ఇంట్లో ఏం చెప్పి పోవల్లన్నా? ఈడికైతే పన్నని చెప్పి వస్తాండా. పంటి కోసరం కడపకు ఎవురు పంపుతారు?"

లోపలి నుంచి పంటి డాక్టరు ఆమె పేరు పిలిచాడు. "నీ వంతే, పో" అంది ఊరి మనిషి. పుల్లమ్మ ప్రకాశం వైపు ఒకసారి చూసి పరదా తీసుకుని లోపలికి వెళ్ళింది. బయటికి వచ్చేటప్పుడు చేతిలో మాత్రల అట్ట ఉంది.

"పంటి నొప్పికంట" అని నవ్వబోయింది. ప్రకాశం తల తిప్పుకున్నాడు. మధ్యాహ్నం మేకులు పీకి బోర్డు దించాడు.

మరుసటి నెల మొదటి గురువారానికి కొత్త కుర్చీ వచ్చింది. దాన్ని లోపలికి మోయించి, చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి పుల్లమ్మ అత్త సిద్దమ్మ ఒక్కతే నిలబడి ఉంది.

"కోడలు రాల్యా?"

"పాయ నాయనా. నేటికి పదకొండు దినాలు."

ప్రకాశం బోర్డు లేని గోడ కింద బెంచీ మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళలో దాని మీద ఆయన ఎన్నడూ కూర్చోలేదు. ఉపాయం తనదే. ఇద్దరు ఆడవాళ్ళను సిగ్గే తీసుకుపోయింది, రెండోసారి ఆ సిగ్గుకు చీటీ రాయించింది తానే.

"పంటి నొప్పి తట్టుకోలేక పాయ. ఊళ్ళో అందరికీ అదే చెప్పినాం" అంది సిద్దమ్మ, ఆయన మొహం చూడకుండా. కొంగుముడి విప్పి మాత్రల అట్ట తీసి ఆయన పక్కన పెట్టింది. "ఒక్కటీ మింగల్యా. పారేయడానికి మనసు రాల్యా. ఎవరికన్నా పనికొస్తాయని తెచ్చినా."

బస్సుకు వేళయిందని ఆమె వెళ్ళిపోయింది. పంటి గదిలోంచి తరువాతి మనిషిని పంపమని రెండుసార్లు కేక వినబడింది. ప్రకాశం లేచి వెళ్ళాడు.

రంగు చెదరని బెంచీ మీద ఆ పది మాత్రల అట్ట, ఒక్క మాత్ర కూడా తీయకుండా, అట్లాగే ఉండిపోయింది.