బర్నబాస్ చెయ్యి

తెల్లవారగానే సుగుణమ్మ గంజి కాచేది. ఆమె భర్త జ్ఞానానందం, రిటైరైన లెక్కల మాస్టారు, మంచాల మీద దుప్పట్లు మార్చేవాడు. తెనాలి కాలవ ఒడ్డున ఉన్న వాళ్ళ పెంకుటిల్లే మత్తు ఇంజెక్షన్లు మానలేనివాళ్ళకి ఆశ్రయం. వాళ్ళతోపాటు వచ్చిన భార్యలూ తల్లులూ వరండాలో ఉండేవాళ్ళు. వణుకు పట్టినవాళ్ళ పక్కన మాత్రం బర్నబాస్ కూర్చునేవాడు. అతను ఆ దంపతుల ఒక్కగానొక్క కొడుకు. చనిపోయి ఆరేళ్ళయింది.

అతను మాట్లాడడు, నిద్రపోడు. ఆ చల్లని చెయ్యి మణికట్టు మీద పడితే ఒళ్ళు లాగేసే నొప్పి తగ్గుతుందని చెప్పుకునేవాళ్ళు. కొత్తవాళ్ళకి సుగుణమ్మ, "మా అబ్బాయి. వాడు చూసుకుంటాడు," అని చెప్పి వంటింట్లోకి పోయేది. జ్ఞానానందం మాత్రం కొడుకు మొహంలోకి చూసేవాడు కాదు. సూది మానేదాకా గడప తొక్కొద్దని తలుపేసింది ఆయనే. నాలుగోరోజు బాపట్ల స్టేషన్లో బెంచీ మీద కొడుకు శవం దొరికింది.

తొంభై అయిదు వేసవిలో రేపల్లె నుంచి మీరాబీ తన భర్త షంషుద్దీన్ని తీసుకొచ్చింది. అతను కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. పెనుమూడి రేవులో పడవ దిగుతూ కాలు విరగ్గొట్టుకున్నప్పుడు నొప్పికి వేసిన సూది, కాలు అతుక్కున్నాక కూడా అతన్ని వదల్లేదు. ఇక్కడికి రావడం మూడోసారి. ప్రతిసారీ బాగుపడి వెళ్ళేవాడు, నెల తిరక్కుండా మళ్ళీ మొదలుపెట్టేవాడు.

బయల్దేరే రోజున మీరాబీ మాస్టారి ముందు నిలబడింది.

"మా సందు చివరే సూదులేసే మనిషి ఉంటాడండి. ఇక్కడైతే చెయ్యి పట్టుకునేవాళ్ళున్నారు. మీ అబ్బాయిని మాతో పంపించండి మాస్టారూ."

సుగుణమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఎన్నాళ్ళు?" అంది.

"తెలీదమ్మా."

జ్ఞానానందం చేతిలోని దుప్పటి మడిచి మంచం మీద పెట్టాడు. తర్వాత, ఆరేళ్ళలో మొదటిసారి, కొడుకు వైపు తిరిగాడు.

"వెళ్ళరా. వాళ్ళతో వెళ్ళు."

అన్నాక గానీ, మళ్ళీ తనే పొమ్మన్నానని ఆయనకు తోచలేదు.

రేపల్లె చేరిన పదోరోజు మధ్యాహ్నం షంషుద్దీన్ సందు చివరికి నడిచాడు. బర్నబాస్ పక్కనే నడిచి మణికట్టు పట్టుకున్నాడు. సూదులేసే మనిషి రబ్బరు పట్టీ బిగించి రెండు చేతులూ తడిమాడు. ఎక్కడా నరం దొరకలేదు. అన్నీ లోపలికి పోయి దాక్కున్నట్టున్నాయి.

"పక్కన ఆయనుంటే నావల్ల కాదు భాయ్," అని పెట్టె మూసేశాడు.

షంషుద్దీన్ ఇంకో మూడుసార్లు వెళ్ళి చూశాడు. తర్వాత మానేశాడు.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం, ఆరాధన అవగానే జ్ఞానానందం రేపల్లె రైలెక్కాడు. తన కొట్లో షంషుద్దీన్ కుడిచేత్తో మిషన్ విప్పుతున్నాడు. ఎడమ మణికట్టు బర్నబాస్ చేతిలో ఉంది.

"ఆరోజు తలుపు తియ్యాల్సిందిరా," అన్నాడు జ్ఞానానందం. "ఇంటికొచ్చెయ్. మీ అమ్మ ఎదురుచూస్తోంది."

బర్నబాస్ తండ్రిని చూశాడు. లేవబోయాడు. పట్టు కాస్త సడలగానే షంషుద్దీన్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపడింది. అతని కళ్ళు సందు చివరికి మళ్ళాయి. మీరాబీ గుమ్మంలో నిలబడి మాస్టారి వైపు చూసింది.

జ్ఞానానందం కొడుకు చెయ్యి అందుకుని, తిరిగి ఆ మణికట్టు మీద పెట్టాడు. అది ఎంత చల్లగా ఉందో ఆయనకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం తెనాలిలో సుగుణమ్మ గేటు దగ్గరే ఉంది. ఆయన వెనక ఎవరూ లేకపోవడం చూసింది.

"రానన్నాడా?"

"లేదు. వచ్చేవాడే," అన్నాడాయన. "పనిలో ఉన్నాడు."