గోరింట పేరున పడిన కొంటెగుర్తు

వైశాఖమాసమధ్యాహ్నమున తారు కరగి చెప్పులకంటుకొను విశాఖపట్టణపు వీథులయందు సోడాబండ్లవారు గొడుగుల నీడను కునుకుచుండగను, ప్రక్కనేయున్న సముద్రము చుట్టరికము మరచినట్లు గాలి పంపక మిన్నకుండగను, ఇంటర్మీడియేటు ఫలితములు నేడో రేపో వెలువడునను వార్త పదునేడేండ్ల బిడ్డలున్న యిండ్లన్నిటను అన్నము సయింపనీయకుండగను, ఒక యెక్స్-రే దుకాణము పైయంతస్తునందలి ‘ఊరట’ యను యువజనసహాయకేంద్రమున ఆరుగురు కంప్యూటరుల యెదుట రెప్పవాల్పక కూర్చుండియుండిరి. బ్రతుకు మీద విరక్తి పుట్టిన పిల్లలును ఇంటిలో చెప్పుకొన నోరాడని పిల్లలును తమ ఫోనులలో ఊరట పేజీని తెరచి మనసులోని మాట వ్రాసికొందురు. వీరు చదివి బదులు వ్రాయుదురు. ఊరును పేరును అడుగుట యిచ్చటి యాచారము కాదు కావున ఆ పేజీయే యొక్కొక్క ఫోనునకు ఒక పువ్వు పేరో ఆకు పేరో పెట్టి వారము దినములు దానినే నిలుపును.

ఆ యార్గురిలో పెద్దది పూడిపెద్ది సుభాషిణి. నలువదియారేండ్ల ప్రాయమును, పదునొకండేండ్ల యనుభవమును, ఎంతటి దుఃఖమునైనను నడుమ నడ్డుతగులక తుదివరకు వినగల యోరిమియు గల యామెకు ఒక్కటే లోపము. ఆమెకు సమస్తముమీదను శంక. పాలవాడు నురుగు తెచ్చిన శంక, తేకున్న శంక. క్రొత్త ఫోనులు మన మాటలు చాటుగా వినునని యెవరో చెప్పగా విని నాటినుండి అరచేతిలో సగము పట్టునంతటి పాత ఫోనుతోనే కాలము గడుపుచుండెను.

ఆ శంక యూరక పుట్టినది కాదని ఆమె పక్షమున చెప్పకతప్పదు. తొలియేటనే యొక కళాశాల కుర్రకారు పందెము కట్టి దొంగయేడ్పు లేడ్చి ఆమెచేత గంటసేపు బుజ్జగింపు వ్రాయించుకొని నవ్వుకొనిరి. ఆ గంటసేపును వరుసలో వేచియున్న వేరొక పిల్ల విసిగి వెడలిపోయెను. ఆమె మరల రాలేదు. ఏమైనదో నేటికిని తెలియదు. ఆ దిగులు గుండెలో ముల్లై నిలువగా సుభాషిణి పట్టుబట్టి రెండేర్పాటులు చేయించెను. ముమ్మారు వచ్చి రెండుమూడు మాటలు వ్రాసి ప్రశ్నకు బదులీయక మాయమైన పేరునకు నారింజరంగు చుక్క యొకటి పెట్టుదురు. అది కొంటెగుర్తు. ఆ గుర్తు పడిన పేరు అందరి వెనుకకు పోవును. రెండవది, పిల్ల వ్రాసికొనుచుండగా తండ్రియో అన్నయో తొంగిచూచినచో ఒక్క వ్రేటుతో వ్రాసినదంతయు చెరపి దానిచోట బియ్యపు వడియములు పెట్టు విధానమును చూపు ‘వెంటనే మూయుము’ అను బటను. ఊరివారందరి యిండ్లనుగూర్చి శంకింపగల మనసునకు గాని యిట్టి యుపాయము తట్టదు.

ఇట్లుండగా నెలదినముల క్రిందట గొర్లె తారకేశుడను ఇరువదినాలుగేండ్ల యువకుడు ఆ కేంద్రమున పనికి కుదిరెను. శ్రీకాకుళము వైపువాడు. వెబ్ పేజీలకు రంగును రూపును దిద్దుట, అక్షరము ఎంతయుండవలెనో బటను ఎచ్చట నుండవలెనో నిర్ణయించుట అతని వృత్తి. ఫ్రంటెండు పని యందురు. ఆసుపత్రిగోడ రంగుతో వెలవెలబోవుచున్న పాత పేజీని అతడు పదిదినములలో లేతతామరరంగుతో కన్నులకింపుగా దిద్దెను. అందరును మెచ్చిరి. సుభాషిణి మాత్రము “రంగులు వేయువాడు గోడవైపు చూడవలెను గాని మనుష్యులవైపు చూచుచున్నాడేమి?” యని మనసున పెట్టుకొనెను.

ఏలయన తారకేశుడు మూలనున్న ముక్కాలిపీట మీద కూర్చుండి ఆర్గురి వ్రేళ్లను పరకాయించి చూచుచుండెను. ఎవరు ఏ బటను నొక్కుదురో చూచుట అతని పనిలోనిదే. అది ఆమె యెరుగదు. ఒకనాడు చేరవచ్చి “అమ్మా, పిల్లలు మొదటిమాట వ్రాసిన యెంతసేపటికి మీరు బదులిత్తురు?” అని యడిగెను. వేచియుండు వేళ తిరుగు చక్రపు బొమ్మను ఎంతసేపు త్రిప్పవలెనో తెలియుటకై యడిగిన ప్రశ్న యది. సుభాషిణికి అరికాలిమంట నెత్తికెక్కెను. వీడు రంగులవాడు కాడు, మన పనిని తూచి పైవారికి మోయుటకు వచ్చిన వేగులవాడని ఆ క్షణముననే తీర్మానించుకొనెను. తోడివారితో చెప్పగా వారు నవ్విరి. ఆ నవ్వులోను ఆమెకు ఏదియో కానవచ్చెను.

శంకకు సాక్ష్యము కావలసినప్పుడు అది దానంతట వచ్చి యొడిలో పడును గదా. సోమవారము మూడుగంటలకు గోరింట యను పేరు తెరమీదికి వచ్చెను. ఆ వ్రాత ఉన్నది ఉన్నట్లే యిచ్చట దింపబడుచున్నది.

“మేడమ్ ఈ పేజీ రంగు చాలా బాగుంది. మా అమ్మ చీర రంగు.”

“చెప్పమ్మా, ఎలా ఉన్నావు?” అని సుభాషిణి వ్రాసెను.

“మీకు ఒకటి చెప్పాలి. ఉండండి రాస్తాను.”

వ్రాయుచున్నదనుటకు గుర్తుగా మూడుచుక్కలు చాలసేపు మెరసి మెరసి యారిపోయెను. గోరింట మాయమయ్యెను. సుభాషిణి తలయెత్తి చూచెను. ముక్కాలిపీట ఖాళీగా నుండెను. మెట్లమీద తన పెద్దఫోనును చేతబట్టుకొని తారకేశుడు ఏదియో నొక్కుచుండెను. చచ్చెదననుకొని వచ్చిన పిల్ల పేజీ రంగును మెచ్చునా? ఆ రంగు వేసినవాడు గాక మరియెవరు మెచ్చుదురు? ఆమెకు చిక్కుముడి యంతయు వీడినట్లయ్యెను. మంగళవారము సరిగా మూడుగంటలకే గోరింట వచ్చి “భయంగా ఉంది మేడమ్” అని వ్రాసి మూడుచుక్కలు మెరపించి పోయెను. తారకేశుడు మెట్లమీదనే యుండెను. బుధవారమును అంతే. సుభాషిణి పెదవి విరిచి స్వహస్తముతో గోరింట పేరునకు నారింజచుక్క పెట్టెను. ఆ సాయంకాలము ఆమె కాఫీ యెన్నడును లేనంత రుచిగా నుండెను.

గురువారము ఉదయము పదునొకండుగంటలకు ఫలితములు వెలువడెను. అరగంటలో వరుస డెబ్బదిమందికి పెరిగెను. ఊరట వారికి మంచినీళ్లు త్రాగుటకు తీరిక లేదు. మూడుగంటలకు గోరింట వచ్చెను. కొంటెగుర్తు ఉన్నందున ఆ పేరు అరువదిమూడవదై అడుగున నిలిచెను. ఈ కంగారులో గూడ నాటకములా యని సుభాషిణి కుర్చీ వెనుకకు త్రోసి లేచి, లోపలికి వచ్చుచున్న తారకేశుని యెదుట నిలిచెను.

“నాయనా, నీ వేషము చాలింపుము. గోరింట పేర నన్ను పరీక్షించుచున్నది నీవేయని నాకు మొదటినాడే తెలియును. ఈ దినమున వరుసలో నిజమైన బిడ్డలున్నారు. నీకు ఆడపడుచులు లేరా?”

తారకేశుడు తెల్లబోయెను. “అమ్మా, గోరింట యెవరు? నేను చూచుకొను నకలు పేజీ వేరు. దానిలో వ్రాసినది మీ వరుసకు రానేరాదు.”

“మెట్లమీద ఫోనులో ఏమి నొక్కుచుంటివి?”

“మా చెల్లెలును ఇంటర్మీడియేటే. ఊరిలో నానమ్మయొద్ద దిగులుగా నున్నది. మూడుగంటలకు దానికి ధైర్యము చెప్పుచు వ్రాయుదును.” ఇట్లని యతడు ఫోనును ఆమె బల్లమీద నుంచి, చేతులు ఖాళీయని చూపువానివలె దూరముగా జరిగెను.

అప్పటికిని ఆమెకు నమ్మకము కుదురలేదు. అంతలో ఆమె తెరమీద అడుగున నారింజచుక్క ప్రక్క రెండు పంక్తులు పడెను. ఫోను బల్లమీదనే యుండెను. తారకేశుడు నాలుగడుగుల దూరమున నుండెను.

“మేడమ్ నేను రాసినప్పుడల్లా మీరు వడియాల పేజీ పెట్టేస్తున్నారు.”

“నా మీద కోపమా?”

సుభాషిణి తన బల్లయొద్దకు పరుగెత్తెను. పదునొకండేండ్ల క్రిందట విసిగి వెడలిపోయిన పిల్ల గుర్తుకువచ్చెను. కుర్చీలో కూలబడి వరుసలోని ముందువారిని తోడివారికి పంచి, “కోపం లేదమ్మా. నేనున్నాను. చెప్పు” అని వ్రాసెను. మూడుచుక్కలు మెరసెను. మెరసి మెరసి యారిపోయెను. గోరింట మరల మాయమయ్యెను.

“వడియాల పేజీయా?” యని తారకేశుడు వెనుకనుండి యడిగెను. “ఆమెది చిన్నఫోను కావచ్చును. ఎవరియొద్దనైన చిన్నపాతఫోను కలదా?”

సుభాషిణి తన సంచిలోని ఫోనును తీసియిచ్చెను. అతడు దానిలో పేజీని తెరచి వ్రాయసాగెను. ఒక పంక్తి చక్కగా పోయెను. రెండు పంక్తులును పోయెను. నాలుగవ పంక్తి మొదలుకాగానే వ్రాతపెట్టె ఎత్తు పెరిగి ‘పంపుము’ అను బటను క్రిందికి జారెను. అందము కొరకై తెర యడుగున అతడు కదలకుండ బిగించిన ‘వెంటనే మూయుము’ బటను దానిని నిలువునా కప్పివైచెను. చిన్నతెరమీద రెంటికిని భేదము తెలియకుండెను. అతడు పంపుటకని ఆ చోటనే నొక్కెను. వ్రాసినదంతయు చెరిగిపోయి బియ్యపు వడియములు ప్రత్యక్షమయ్యెను. చిన్నమాటలు మాత్రమే చేరుచున్నవి. బిడ్డ అసలు మాట చెప్పబోయిన ప్రతిసారియు తలుపు మొగమున వేసినట్లగుచున్నది.

“నా పెద్దఫోనులో చూచుకొని మురిసిపోతిని” అని తారకేశుడు కన్నీళ్లు మ్రింగికొనెను.

“బటనును కప్పినది నీవు. పేరును కప్పినది నేను. ఏడ్చుట తరువాత నాయనా, ముందు దానిని తీయుము” అని సుభాషిణి పలికెను.

అతడు పీటమీదికి ఉరికి ఒడిలో తన కంప్యూటరును తెరచెను. ఆమె నారింజచుక్కను చెరపివేసెను. పేరు తెలియదు. ఊరు తెలియదు. పిలుచుటకు వీలులేదు. పేరడుగరాదను మంచి నియమము నేడు అడ్డుగోడయై నిలిచెను. పదునొకండేండ్లుగా లోకమునంతటిని శంకించిన తాను తన పేజీని ఒక్కనాడైన శంకింపలేదు గదా యని ఆమె కుమిలిపోయెను. పండ్రెండు నిమిషములలో ఆ బటను తెర పైయంచునకు ఎక్కెను. చిన్నఫోనులో పది పంక్తులు వ్రాసి పంపిచూచిరి. చేరెను. ఇక గోరింట రావలెను. నాలుగుగంటలయ్యెను. నాలుగుంబావు అయ్యెను. ఇరువురును తెరనుండి చూపు మరల్పలేదు.

నాలుగుంబావు దాటిన మూడునిమిషములకు ఆ పేరు వెలిగెను. మూడుచుక్కలు మెరసెను. సుభాషిణి పవిటచెంగును పిడికిట బిగించెను. ఈసారి చుక్కలు ఆరిపోలేదు. మాట వచ్చెను.

“మేడమ్ ఇది కూడా పోతే ఇంక రాయను. రెండు సబ్జెక్టులు పోయాయి. అమ్మ మధ్యాన్నం అన్నానికి వస్తే పాసయ్యానని చెప్పేశాను. మళ్లీ జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. సాయంత్రం లడ్డూలు తెస్తానంది. ఆ లడ్డూలు ఎలా తినాలి మేడమ్. అమ్మ వచ్చేలోపు చచ్చిపోవాలనిపిస్తోంది. ఏటి చెయ్యాలో తెలీడం లేదు. సోమవారం నుంచీ ఈ భయమే చెప్దామని చూస్తున్నాను.”

సుభాషిణి రెండుమార్లు చదివెను. పిదప వ్రాసెను. “మొత్తం అందిందమ్మా. ప్రతి మాటా చదివాను. నాలుగు రోజులు నీ మాట చేరకపోవడం మా తప్పు, నీది కాదు. నేను నిన్ను నమ్మలేదు. అది కూడా నా తప్పే. ఇప్పుడు నీ దగ్గర ఎవరున్నారు?”

“ఎవరూ లేరు. పక్కింట్లో పెద్దమ్మ ఉంటాది.”

“ఫోను చేతిలో పట్టుకునే పెద్దమ్మ దగ్గరకి వెళ్తావా తల్లీ? నేను ఎక్కడికీ పోను. అమ్మకి ఎలా చెప్పాలో ముగ్గురం కలిసి ఆలోచిద్దాం.”

బదులు రాలేదు. ఒక నిమిషము గడచెను. రెండు గడచెను. “మూసికొనిపోయెనా?” యని సుభాషిణి గొణిగెను. “లేదమ్మా, బటను పైననే యున్నది” యని తారకేశుడు మెల్లగా ననెను. నాలుగవ నిమిషమున నొక చిన్నపంక్తి వచ్చెను.

“పెద్దమ్మ తలుపు తీసింది.”

సుభాషిణి చెంగుతో మొగము కప్పుకొని యేడ్చెను. కొంత తడవునకు కన్నులు తుడుచుకొని ప్రక్కనున్న కుర్చీని తన బల్లయొద్దకు లాగి “ఆ పీటమీద ఎంతకాలము కూర్చుందువు నాయనా, ఇటు రమ్ము” అని పిలిచెను. పెద్దమ్మయే జీడిపప్పు ఫ్యాక్టరీ వాకిటికి పోయి తల్లితో చెప్పెననియు, తల్లి కొంతసేపు తిట్టి కొంతసేపు ఏడ్చి తుదకు లడ్డూలు తెచ్చెననియు మరునాడు గోరింట పండ్రెండు పంక్తులలో వ్రాసెను.

సుభాషిణి శంక మానెనని చెప్పుట అబద్ధమగును. పాలవాని నురుగు నేటికిని ఆమె పరీక్షింపక విడువదు. అయినను నారింజచుక్క ఆ కేంద్రమున మరి లేదు. ప్రతిదినము ఉదయమున తక్కినవారు రాకమున్నే ఆమె వచ్చి, చిన్నఫోనును తెరచి, మనసున తోచిన కష్టమేదియో ఒకటి పది పంక్తులలో వ్రాసి పంపి, తన కంప్యూటరు తెరమీద అది వచ్చుటకై యెదురుచూచును. అది చేరి కంటబడువరకు ఆమె యింకెవ్వరిని శంకింపదు.