పులిపిండి కుండ

రసూల్ సాబ్ ఇంట్లో బంగారం లేదు, పొలం లేదు. ఉన్నదల్లా పెరట్లో ఒక రొట్టెల బట్టీ, వంటింటి మూల ఒక పులిపిండి కుండ. అందులోని పాత పిండి పిడికెడు కలిపితేనే కొత్త పిండి పొంగుతుంది. అత్త నూర్జాన్ చనిపోతూ ఆ కుండను పెద్దకోడలు ఖాతూన్‌బీకి అప్పగించింది. తొమ్మిదేళ్లుగా ఖాతూన్‌బీ దాన్ని చంటిబిడ్డలా సాకుతోంది. వాళ్ల ఊరు గార్లదిన్నె వాన మొహం చూసి రెండేళ్లయింది. ఎండకు పిండి చెడిపోతుందని తన స్నానం మానుకుని, ఆ నీళ్లతో కుండకు చుట్టిన గోనెపట్టా తడిపేది. అంత చేసిన మనిషి చివరికి ఏం చేసిందో వినండి.

చిన్నకోడలు రోషన్ బీ కణేకల్ నుంచి కాపురానికొచ్చి మూడు నెలలు కాలేదు. బట్టీలోకి పంపే ముందు రొట్టె మీద బ్లేడుతో గాటు పెడతారు కదా, ఖాతూన్‌బీ నిలువుగా ఒకటి గీసి వదిలేసేది. ఈ పిల్ల బ్లేడు వాల్చి పట్టుకుని, ఉల్లిపొర తీసినట్టు పైపైన ఏటవాలుగా కోసేది. రొట్టె కాలేసరికి ఆ గాటు విచ్చుకుని, అంచు ఎర్రగా లేచి నిలబడేది.

"ఏమప్పా, ఈ రొట్టె నవ్వుతాండాది!" అన్నాడు మామ రసూల్ సాబ్ ఒకరోజు.

తొమ్మిదేళ్లలో తన రొట్టెను చూసి ఒక్కసారైనా అలా అన్నాడా? ఖాతూన్‌బీకి కడుపు భగ్గుమంది. ఆ పూట ముద్ద దిగలేదు.

ముసలాయన అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "ఉరుసునాడు ఇద్దరూ చెరో పది రొట్టెలు చేయండి. ఎవురివి బాగుంటే అవి దర్గాకు పోతాయి. కుండ గూడా ఇంగ వాళ్లదే" అనేశాడు.

ఉరుసు పొద్దున ఖాతూన్‌బీ ముందుగా లేచి, తనకు కావలసిన పులిపిండి తీసుకుని పిండి పిసికి పక్కన పెట్టుకుంది. రోషన్ బీ కట్టెలకు వెళ్లింది. ఇల్లు ఖాళీ. ఖాతూన్‌బీ కుండను గోనెపట్టాలోంచి తీసి, బట్టీ నోటి దగ్గర నిప్పుల మీద పెట్టింది. పిండి బాగా ఉడికిందనిపించాక మళ్లీ పట్టా చుట్టి మూలకు చేర్చింది. మనసు చల్లబడింది.

సాయంత్రానికి ఆమె రొట్టెలు దూదిలా పొంగాయి. రోషన్ బీ రొట్టెలు రాళ్లు. ఎంత అందంగా కోసినా ఒక్క గాటూ విచ్చుకోలేదు.

ఖాతూన్‌బీ రొట్టెలే దర్గాకు వెళ్లాయి. తిరిగొచ్చిన మామ, "కుండ నీదేలేమ్మా. రేపటికి పిండి కలిపిపెట్టినావా?" అన్నాడు.

అప్పుడు తట్టింది ఆ మహాతల్లికి. రేపటి పిండీ ఆ కుండలోదే. తను పిసికిన పిండేమో చివరి ముద్ద దాకా రొట్టెలు చేసేసింది. మామ కుండ మూత తీసి వాసన చూసి, అక్కడే కూలబడ్డాడు.

"మీ అత్త పుట్టింటినుంచి తెచ్చిన పిండి. ఇంగ యాడ తెచ్చేది?"

రోషన్ బీ లోపలికెళ్లి ఒక గిన్నె తెచ్చింది. అందులో పిడికెడు పిండి బుడగలతో పొంగుతోంది. "పొద్దున అక్క పిసికినదాంట్లోనుంచి కొంచెం తీసిపెట్టినా మామా."

రసూల్ సాబ్ ఆ గిన్నెను కళ్లకద్దుకున్నాడు. "కుండ నీకాడే ఉండనీమ్మా. ఖాతూనూ, ఏమనుకోవద్దు" అన్నాడు.

ఏమనుకోకుండా ఎలా ఉంటుంది? అది తన పిండి! తన చేతులతో పిసికిన పిండి! అరవాలనుకుంది. అంతలోనే ఇంకో ఆలోచన వచ్చి నోరు నొక్కేసింది. ఆ పిడికెడు కలుపుకుని ఉంటే రోషన్ బీ రొట్టెలూ పొంగేవి. ఈ పిల్ల ఎందుకు కలుపుకోలేదు?

మామ బయటికి వెళ్లాక రోషన్ బీ మెల్లగా చెప్పింది. "నేనొచ్చేసరికి కుండ కాల్తాండె అక్కా. పిండి చచ్చిపోయిందని తెలిసిపాయ. ఆ పిడికెడూ కలిపేసుకుంటే రేపటికి మిగల్దని దాచిపెట్టినా. మామకు చెప్పలేదులే."

మర్నాడు ఖాతూన్‌బీ వంటింటికి వచ్చేసరికి గోనెపట్టా తడిపి ఉంది. తోటికోడలి ఒంటి మీద నిన్నటి పిండి మరకలు అలాగే ఉన్నాయి. స్నానం చేయలేదు. ఆ పని కూడా ఇక తనది కాదు. కడుపు మళ్లీ మండింది.

ఆ పూట రొట్టెల కోసం తోటికోడలి ముందు చెయ్యి చాచింది. రోషన్ బీ పిడికెడు పులిపిండి అందులో పెట్టి, "చాలా అక్కా?" అంది.

నాలుగు తిట్టినా బాగుండు అనుకుంది ఖాతూన్‌బీ.