పట్టుకుంటె నడిచేది, ఇడిస్తె ఆగేది

పొద్దుగాల లేవంగనే బుగ్గమ్మ గొర్లదొడ్డి తడక తీసి, గొర్రెపిల్లలను తల్లులకాడికి ఇడిసేది. దొడ్డి ఊడ్చి, రొట్టెలు కొట్టి, అత్త చంద్రవ్వకు ఇంత పెట్టి, తన రొట్టె మూటగట్టుకొని చేనుకు పోయేది. పోయి గట్టు మీద కూసునేది. చేన్ల కాలు పెట్టకపోయేది, ఒక్క మాట మాట్లాడకపోయేది.

చేన్ల మాట్లాడకపోవుడు ఆ ఊరోళ్లకు కొత్తేం కాదు. పెద్దేముల్ దిక్కున్న ఆ నల్లరేగడి, దున్నేటప్పుడు ఎవరేమన్నా లోపల పెట్టుకుంటది. మళ్లేడు దున్నంగ అదే జాగల, అదే గొంతుతోని ఆ మాట లేస్తది. ఒక్కసారి లేసిందంటె అయిపాయె, ఇగ లేవది. అందుకే ఎవరన్న తిట్టుకోవాలంటె గట్టు మీదికొచ్చి తిట్టుకుంటరు. గట్టు ఎక్కేలోపల సగం కోపం దిగిపోతది కూడ. తాండూరు బజార్ల గిసొంటి మన్ను నాలుగు గంపలు పోస్తె ఎంత బాగుండు!

బుగ్గమ్మ మొగడు ఈరయ్య పోయినేడు చేను దున్ని, విత్తనమేసి, పంట ఇంటికి రాకముందే జొరమొచ్చి పోయిండు. ఆయన ఎనకనే ఒక ఎద్దు పోయింది. ఒంటెద్దును ఏం చేస్తరు, అమ్మేసిన్రు. ఈరయ్య మాటలు మాత్రం చేన్ల అట్లనే ఉన్నయి.

మిరుగం కార్తె, వానలు మొదలై దున్నే యాళ్ల, దగ్గరికొచ్చింది. మరిది ఎంకయ్య వచ్చి, చేను తను దున్నుకుంటనని, పండినదాంట్ల వదినెకింత పెడతనని చెప్పిండు. మనిషి చెడ్డోడు కాదు. ఆడది నాగలి పడితె వాన రాదని ఊరంత నమ్మేది, ఆయన గుడ నమ్మేది. గని ఒక్కసారి ఎంకయ్య అరక కట్టిండంటె చేను ఇగ ఆయనదే అయితదని బుగ్గమ్మకు తెలుసు. అంతకన్న పెద్ద బాధ ఇంకోటి. ఈరయ్య మాటలన్ని ఎంకయ్య కాళ్లకాడ లేసి పోతయి. మొగడి గొంతు ఆఖరుసారి ఇనే రాత గుడ తనకుండది.

ఆమె ఎవ్వరికి చెప్పని ముచ్చట ఒకటుండె. పోయినేడు ఊరు లేవకముందే ఈరయ్య ఆమెను చేనుకు తోలుకపోయి దున్నుడు నేర్పిండు. అప్పుడన్న మాటలు గుడ అండ్లనే ఉన్నయి. అవి లేస్తె ఊరంతకు తెలుస్తది, పోయినోని పేరు ఖరాబైతది. దున్నితె తనే దున్నాలె. ఎట్ల దున్నాలె?

అప్పట్లనే తాండూరుల చేతి ట్రాక్టర్లు దిగినయి. కూసునేది ఉండదు, ఎనక నడుసుకుంట రెండు పిడులు పట్టుకొని తోలుడే. గొర్లమ్మి ఒకటి తెస్తనని బుగ్గమ్మ అంటె ఎంకయ్య నవ్విండు. చంద్రవ్వ నవ్వలేదు. "నాగలి పట్టొద్దన్నరు గని, ఇంజను పట్టొద్దని ఎవరన్నర్రా?" అని కొడుకును అడిగింది. ఎంకయ్య తలకాయ గోక్కొని, సరే తెస్తె చూద్దామన్నడు.

బండ్లమ్మేటోని మనిషి మహేందర్ లారీల రెండు బండ్లు తెచ్చిండు. చూసి, తోలి, ఏది నచ్చితె అది ఉంచుకోమన్నడు. రెండిటికి ఇంజను ఒక్క తీరే, క్లచ్చులే వేరు. మొదటిదాంట్ల రేకులు ఒకదానికొకటి అతుక్కొని ఉంటయట. పిడి కిందున్న కమ్మి గుంజి పట్టుకుంటె రేకులు ఇడిపోయి బండి ఆగుతది, కమ్మి ఇడిస్తె నడుస్తది. రెండోదాంట్ల ఇంజనుకు చక్రాలకు నడుమ బెల్టు ఒదులుగ ఉంటది. కమ్మి గుంజితె బెల్టు బిగుసుకొని బండి నడుస్తది, ఇడిస్తె ఒదులై ఆగుతది.

గట్టు మీదున్నోళ్లందరికి మొదటిదే నచ్చింది. గుంజితె ఆగుడు, పగ్గం లెక్కనే కద! పుట్టినకాడికెల్లి ఎడ్లను తోలిన చేతులకు ఇంకేం కావాలె? ఎంకయ్య అయితె బండిని ఎద్దును నిమిరినట్టు నిమిరిండు.

బుగ్గమ్మ చేన్ల కాలు పెట్టింది. మొదటి బండితోని ఒక సాలు కాకముందే కాళ్ల కింద నుంచి ఈరయ్య గొంతు లేసింది, "హో... హో... మెల్లగ నడువ్ నాయనా" అని. ఎద్దుతోని మాట్లాడిన మాటే. ఆమె గబుక్కున కమ్మి గుంజి పట్టుకుంది. బండి ఆగింది గని, అది ఆగాలంటె పిడికిలి బిగపట్టుకొనే ఉండాలె. కండ్లకు నీళ్లొచ్చినయి. తుడుసుకుందామని చెయ్యి జర సడలిందో లేదో బండి ముందుకు దుంకింది. ఇంజను మోతల మిగిలిన మాట కొట్టుకపోయింది. ఇగ ఆ మాట మళ్ల రాదు. ఆమె పానం ఉసూరుమంది.

తరువాత రెండోది పట్టింది. కమ్మి గుంజి పట్టుకుంట చేను కొసకున్న బాయి దిక్కు సాలు తీసింది. మోటబాయికి ఆ పక్క గోడ లేదు, పరుపుబండ ఒక్కటే ఉంది. మలుపుకాడ బండి మలగలేదు, చక్కగ బాయి మీదికే నడిచింది. బుగ్గమ్మ బెదిరి, ఎద్దు బెదిరితె పగ్గం గుంజినట్టు కమ్మిని రెండు చేతుల గుంజింది. బెల్టు ఇంక బిగిసింది, బండి ఇంక ఉరికింది. గట్టు మీదికెల్లి ఎంకయ్య, "గుంజు వదినె, గుంజు!" అని మొత్తుకుంటున్నడు. మహేందర్ చేతులూపుకుంట ఉరికొస్తున్నడు గని ఆయన మాట ఇంజను మోతల ఇనవడ్తలేదు. బాయి ముంగటికొచ్చేసింది.

అప్పుడు మన్నుల నుంచి మాట లేసింది. చెవులకంటె ముందు అరికాళ్లకు ఇనవడ్డది.

"ఇడిసిపెట్టే బుగ్గీ."

ఆమె ఇడిసిపెట్టింది. బెల్టు ఒదులైంది. బండి పరుపుబండ మీద ముందటి భాగం ఆనించి, ఉన్నకాడనే గురగురమనుకుంట నిలబడ్డది. అందరు ఉరికొచ్చి సాల్ల నిలబడ్డరు. ఈరయ్య ఇంక మాట్లాడుతనే ఉన్నడు. పోయినేడు ఎద్దు బాయి దిక్కు గుంజినప్పుడు పెండ్లానికి చెప్పిన మాటలు అవి.

"పగ్గం గుంజకు. నువ్వు గుంజినకొద్ది అది జిద్దు చేస్తది. భయపడకు, మెల్లగ వస్తది నీకు. రేపు నేను లేకపోతె ఈ చేను నువ్వే దున్నుకోవాలె కద."

ఆడది పోయినేడే నాగలి పట్టిందని ఆ నిమిషంల అందరికి తెలిసిపోయింది. పట్టినేడు వానలు మంచిగ పడ్డ సంగతి గుడ అందరికి యాదికుంది. చంద్రవ్వ కొడుకు గొంతు ఇని కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. ఎంకయ్య కిందికి చూసి, ఆఖరుకు, "అన్న చెప్పినంక ఇగ నాదేముంది వదినె," అన్నడు. అని, బాయికాడికెల్లి బండిని ఎనకకు గుంజుటానికి తనే చెయ్యేసిండు.

మహేందర్ పరేషానయిండు. గింత జరిగినంక ఈ బండి ఎవరు కొంటరు అనుకొని మొదటిదాన్నే ఉంచుకోమన్నడు. ధారూర్ల, బషీరాబాద్ల అందరు అదే తీసుకుంటున్నరని చెప్పిండు.

"వద్దు తమ్మీ," అన్నది బుగ్గమ్మ. "ఆపుటానికి దాన్ని పట్టుకునే ఉండాలె. ఇది చెయ్యి తీస్తె ఆగుతది. నాకు చేతులు ఖాళీ కావాలె."

మరునాటి నుంచి ఆమె ఒక్కతే దున్నుకుంది. మాట లేసినకాడల్ల కమ్మి ఇడిసి, ఇంజను మోత తగ్గించి, సాల్ల కూసునేది. చేతులు ఖాళీగుంటె కండ్లు తుడుసుకునేది, మన్ను ముట్టుకునేది, ఒక్కోసారి నవ్వేది గుడ. అన్ని గొప్ప మాటలేం కావు. ఎద్దును తిట్టిన తిట్లు, దూప అయితుంది నీళ్లియ్యిమన్న మాట, కూర్ల ఉప్పెక్కువైందని సణుగుడు. ఒక్కటి గుడ పోనియ్యలే.

ఆఖరు సాలు కొసకొచ్చింది. బుగ్గమ్మ కమ్మి ఇడిసి నిలబడ్డది. చానసేపు చూసింది. ఇగ మాట లేవలే. చేన్ల ఈరయ్యది ఏం మిగలలే. ఏడుపొచ్చింది, ఏడ్చింది. తరువాత ఇంజను పక్కన వంగి, దున్నిన మన్నుకు చెప్పింది.

"మొత్తం నేనే దున్నిన. మళ్లేడు గుడ నేనే దున్నుత."

మళ్లేడు మిరుగంల, ఆఖరు సాలు కొసకు ఆ మాట లేసింది. బండి పిడి పట్టుకొని ఉన్నది బుగ్గమ్మనే. ఆమె కమ్మి ఇడిసి, ఆగి, తన గొంతు తనే ఇన్నది.